పదో మాట

మొన్న శుక్రవారం సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు మా ఇంట్లో గ్యాస్ అయిపోయింది. పొయ్యి మీద పప్పు సగం ఉడికింది. బాల్కనీలో ఉన్న రెండో సిలిండర్ దొర్లించుకొచ్చి, రెగ్యులేటర్ బిగించి, అగ్గిపుల్ల తీసి, ఎందుకో గడియారం వైపు చూశాను. పుల్ల గీయకుండా కాసేపు అలాగే నిలబడ్డాను.

డిసెంబరులో సూరత్‌లో పొద్దు ఆరింటికి అటూ ఇటూగా కుంకుతుంది. దానికి పద్దెనిమిది నిమిషాల ముందు మా ఇంట్లో శుక్రవారం దీపాలు వెలిగేవి. ఒకసారి వెలిగాక మళ్ళీ శనివారం చుక్కలు పొడిచేదాకా ఎవరూ నిప్పు ముట్టుకునేవాళ్ళు కాదు. నేను ఆ పద్ధతి వదిలేసి చాలా ఏళ్ళయింది. నాన్న పోయి ఆరు నెలలయింది. ఆయన ఉన్నంతకాలం ఆయన గదిలో రెండు దీపాలు ఉండేవి. అమ్మ పోయాక ఆయనే పెట్టుకునేవాడు.

పుల్ల గీశాను. పప్పు ఉడికింది. ఆ రాత్రి నాన్న నోటు పుస్తకం బీరువాలోంచి తీశాను.

మేం యూదులం. తెలుగు మాట్లాడే యూదులం అంటే వినేవాళ్ళు రెండోసారి అడుగుతారు. సూరత్‌లోనే కాదు, గుంటూరులో కూడా అడుగుతారు. నాన్నది గుంటూరు అవతల ఒక పల్లె. మా తాత కాలంలో అక్కడ కొన్ని ఇళ్ళవాళ్ళు చర్చికి వెళ్ళడం మానేసి, మనం ఇశ్రాయేలు సంతతి, మన ముసలివాళ్ళు చెప్పింది అదే అని శనివారం పాటించడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. చూపించడానికి కాగితం ఏదీ లేదు. ఉన్నదల్లా ముసలివాళ్ళ మాట.

నాన్న వెల్డరు. సూరత్ పక్కన హజీరాలో పెద్ద కర్మాగారాలు కడుతున్న రోజుల్లో ఒక కాంట్రాక్టరు వెంట వచ్చాడు. పని హజీరాలో అయినా ఇల్లు మాత్రం అంత దూరంలో, ఊరి మధ్య సలాబత్‌పురాలో తీసుకున్నాడు. అక్కడ ఒక మేడ మీద యూదుల ప్రార్థన గది ఉందని ఎవరో చెప్పారు. శుక్రవారం పొద్దుగూకాక బండి ఎక్కకూడదు కాబట్టి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలి. శనివారం రానివాడు ఆదివారం రావాలని సూపర్‌వైజర్ అన్నాడట. ఊరంతా సెలవుగా ఉన్న ఆదివారాలు నాన్న ఒక్కడే, కాపలావాడి తోడుగా, అంత పెద్ద షెడ్డులో వెల్డింగ్ చేసేవాడు.

మా పక్కింట్లో మగ్గాల పని కోసం కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను నేను చిన్నమ్మ అనేదాన్ని. శుక్రవారం అమ్మ హడావిడి చూసి ఆవిడకు తమాషాగా ఉండేది.

"ఏందక్కా, పొద్దుగూకంగనే గిట్ల పొయ్యి బంద్ పెడ్తవు? రేపు పొద్దుగాల పిల్లకు చాయ్ ఎట్ల?"

"ఫ్లాస్కులో పోసి పెడతా గదా."

"గా ఫ్లాస్కుల చాయ్ చాయేనా? మీ దేవుడు జర కఠినమే ఉన్నడు."

"మీరు శనివారం ఒంటిపూట ఉపవాసం ఉంటారు. మా దేవుడు వండొద్దన్నాడు గానీ రెండు పూటలా తినమన్నాడు. ఎవరు కఠినం?"

"అట్లనా? అయితె మా ఆయనకు జెప్తా, మీ దాంట్ల కలుస్తమని. ఒక్కరోజన్న పొయ్యి కాడికి పోకుంట కూసుంట."

ప్రార్థన గది మా ఇంటికి నాలుగు సందుల అవతల ఉండేది. కింద చీరలు మడత పెట్టి పార్సిళ్ళు కట్టే కొట్టు, పైన గది, దాని వెనక, మేమంతా దాదా అని పిలిచే పెద్దాయన ఇల్లు. మెట్లు ఎక్కుతుంటే ముందు గంజి వాసన, తరువాత మగ్గాల నూనె వాసన, పైకి వెళ్ళాక కొబ్బరినూనె వాసన వచ్చేవి. గది మధ్యలో పైనుంచి గొలుసులతో గాజు దీపం వేలాడేది. సగం నీళ్ళు పోసి, పైన నూనె పోసి, దూదివత్తి వేసేవాళ్ళు. పద్నాలుగు కుర్చీలు. ఆడవాళ్ళకు వెనక ఒక బల్ల, దాని ముందు తెర. పక్క సందులో మగ్గాలు ఆగేవి కావు. ఆ చప్పుడులోనే ప్రార్థన.

దాదా రైల్వేలో గార్డుగా చేసి రిటైర్ అయ్యాడు. ప్రార్థన చెప్పేది ఆయనే. శుక్రవారం దీపాల వేళ ఆయన చెప్పినట్టే అందరూ పాటించేవాళ్ళు. ఐదు నలభై అనేవాడు కాదు, పదిహేడు నలభై అనేవాడు. ఆయన భార్యను అందరం బా అనేవాళ్ళం, గుజరాతీలో అమ్మ అన్నట్టు. వాళ్ళు కొంకణం వైపు నుంచి తరాల కింద వచ్చిన యూదులు. ఇంట్లో మరాఠీ, వీధిలో గుజరాతీ, మాతో హిందీ. ఆ మాటలన్నీ నా జ్ఞాపకంలో తెలుగులోకి మారిపోయాయి.

"మా తాతలు నూనె గానుగ ఆడేవాళ్ళు," అని దాదా చెప్పేవాడు. "శనివారం ఎద్దును విప్పేసేవాళ్ళు. అందుకని ఊరివాళ్ళు మమ్మల్ని శనివారపు తెలికలవాళ్ళు అన్నారు. మేమెవరమో మాకు గుర్తుచేసింది ఆ ఎద్దు."

"మా తాతలు కూడా శనివారం కూలికి పోయేవాళ్ళు కాదంటండీ," అన్నాడు నాన్న ఒకసారి, తన వచ్చీరాని హిందీలో.

దాదా తల ఊపాడు. పక్కనే ఉన్న చీరల దలాల్, బేరాలు కుదిర్చే నలభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఈ మధ్య అందరి తాతలూ అలాగే చేసేవాళ్ళట," అన్నాడు. ఎవరో నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నాన్నకు ఆ అలవాటు ఉండేది, తన మీద పడిన నవ్వులో తనూ కలిసేవాడు.

నాన్నకు హీబ్రూ అక్షరాలు సరిగ్గా రావు. దాదా పలుకుతుంటే విని ప్రార్థనలన్నీ తెలుగు లిపిలో నోటు పుస్తకంలో రాసుకున్నాడు. శనివారం ఏదీ చేత్తో మోయకూడదు కాబట్టి ఆ పుస్తకం గదిలోనే ఉండేది. దలాల్ దాన్ని తెరిచి చూసి, "ఇది ప్రార్థనా, జిలేబీల దుకాణమా?" అనేవాడు. దాదా మాత్రం నాన్న చేత చదివించుకుని, తప్పులు దిద్దేవాడు. ఒక్కోసారి తనకు మాట తడబడితే నాన్న వైపు చూసేవాడు. నాన్న తన జిలేబీల్లో వెతికి అందించేవాడు.

ఇక లెక్క సంగతి చెప్పాలి.

కొన్ని ప్రార్థనలకు పదిమంది మగవాళ్ళు ఉండాలి. పోయినవాళ్ళ కోసం చెప్పే కద్దీష్ వాటిలో ఒకటి. పదిమంది లేకపోతే అది చెప్పరు. అయితే ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడానికి మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టకూడదు. మనిషి మీద అంకె పడకూడదంటారు. మాకు అదేమీ వింత కాదు. మా నాయనమ్మ అన్నం తింటున్న పిల్లల్ని లెక్కపెట్టనిచ్చేది కాదు, దిష్టి అనేది. ఆ గదిలో దాదా లేచి నిలబడి, సరిగ్గా పది మాటలున్న ఒక హీబ్రూ ప్రార్థన వాక్యం చెప్పేవాడు. ఒక్కో మాటకు ఒక్కో మనిషి వైపు చూసేవాడు. పదో మాట పడిందంటే పదిమంది ఉన్నట్టు.

ఆ వాక్యంలో ఏ మాటా నాన్న మీద పడేది కాదు.

నాన్న కుర్చీ చివరిది, మెట్ల గుమ్మం పక్కన. దాదా చూపు కుర్చీల వెంట వచ్చి నాన్నకు ముందు మనిషి దగ్గర ఆగేది. పదిమంది వచ్చిన రోజు పదో మాట పూర్తయ్యేది, ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. తొమ్మిది మందే వచ్చిన రోజు తొమ్మిదో మాట దగ్గర దాదా ఆగి గుమ్మం వైపు చూసేవాడు, ఇంకెవరైనా మెట్లెక్కుతున్నారేమోనని. అందరూ అటే చూసేవాళ్ళు. నాన్న పుస్తకం వైపు చూసేవాడు.

నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. తెర సందులోంచి అదంతా కనిపించేది. ఒకరోజు ఇంటికొస్తూ అడిగాను.

"నాన్నా, నువ్వున్నావు కదా. ఇంకెవరి కోసం చూస్తారు?"

"మన కాగితాలు లేవు తల్లీ. దాదా బొంబాయిలో పెద్దవాళ్ళకు రాశాడు. జవాబు రావాలి."

"రాసి ఎన్నాళ్ళయింది?"

"వస్తుందిలే."

"మనల్ని ఎటూ లెక్కపెట్టరు, ఆడవాళ్ళం," అంది అమ్మ. "ఈయన్ని కూడా తెచ్చి మనలో కలిపారు."

"నేను అడగను," అన్నాడు నాన్న. "అడిగి కూర్చునే కుర్చీ కాదది."

నాలుగేళ్ళుగా ఆయన అడగలేదు. ఆ గదిలో ఆయనకున్న మర్యాద అదొక్కటే. అడగని మనిషి.

నేను ఆ పది మాటలు నేర్చుకున్నది దాదా మనవరాలి దగ్గర. తనది నా ఈడే. మేం వాటితో దేన్ని పడితే దాన్ని లెక్కపెట్టేవాళ్ళం. సందులో గేదెలు, అమ్మ చేసిన చపాతీలు, మెట్ల మీద చెప్పులు. ఒకసారి బా విని కొంగుతో నోరు మూసుకుని నవ్వి, తరువాత ఇద్దరి చెవులూ మెలేసింది. "గేదెలకు అంకెలు చాలు. అది మనుషుల కోసం."

శుక్రవారం ప్రార్థన తరువాత అందరికీ ఎండుద్రాక్ష షర్బత్ ఇచ్చేవాళ్ళు. ద్రాక్షసారా బదులు వాళ్ళలో మొదటినుంచీ అదే. పొద్దున ద్రాక్షలు నానబెట్టి, సాయంత్రం పిసికి, గుడ్డలో వడకట్టేది బా. ఒక శుక్రవారం నేనూ మనవరాలూ వంటింట్లో దూరి సగం గిన్నె తాగేసి, అంతమేరకు అందులో నీళ్ళు కలిపాం. దాదా గ్లాసు ఎత్తి దీవెన చదివి, ఒక గుక్క తాగి, గ్లాసు వైపు చూశాడు. "ఈ ఏడు ద్రాక్షలకు వానలు ఎక్కువయ్యాయి," అన్నాడు.

హనుక్కా పండుగ చలికాలంలో వస్తుంది. ఎనిమిది రోజులు, మొదటి రోజు ఒక దీపం, రెండో రోజు రెండు, అలా ఎనిమిది దాకా. ఎప్పుడో గుడిలో ఒక్కరోజుకు సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగిందని చెబుతారు. నూనె పండుగ కాబట్టి నూనెలో వేయించినవి తినాలి. బా జిలేబీ వేసేది. ఆ రోజుల్లో సూరత్ వీధుల్లో లేత జొన్నగింజలు, పోంక్ అంటారు, సన్న కారప్పూస కలిపి అమ్మేవాళ్ళు. అవి ఒక పళ్ళెంలో ఉండేవి. చిన్నమ్మకు అమ్మ జిలేబీలు పట్టుకెళితే, "దీపావళి ఒడిసి నెల దాటె, మీకింక కాలేదా?" అనేది, తింటూనే.

ఆ ఏడాది నాన్న ఒక దీపం చేశాడు. షెడ్డులో మిగిలిన స్టీలు పైపు ముక్కలు అడిగి తెచ్చుకుని, ఎనిమిది చిన్న గిన్నెలుగా కోసి, ఒక పట్టీ మీద వరసగా అతికాడు. మిగతావాటిని వెలిగించే తొమ్మిదోది కొంచెం ఎత్తులో. ఆదివారాలు కాపలావాడు టీ తాగే వేళల్లో చేశానని చెప్పాడు. పండుగ మొదటి రోజు దాదా దాన్ని కిటికీలో పెట్టి, వంగి, ఒక కన్ను మూసి చూశాడు. ఎనిమిదీ ఒకే ఎత్తులో ఉండాలని నియమం.

"పట్టాల్లాగా ఉంది. ఎక్కడా తేడా లేదు," అన్నాడు దాదా. రైల్వే మనిషి నోట అంతకంటే పెద్ద మెప్పు లేదు.

దలాల్ కూడా వేలితో గిన్నెల అంచు తడిమి చూశాడు. ఏమీ అనలేదు. అది కూడా మెప్పేనని నాన్న ఇంటికొచ్చి అమ్మతో అన్నాడు.

పండుగలో ఆరో రోజు శుక్రవారం వచ్చింది. అలాంటి రోజు ముందు హనుక్కా దీపాలు వెలిగించి, ఆ తరువాతే శుక్రవారం దీపాలు వెలిగించాలి. అవి వెలిగాయంటే ఇక నిప్పు లేదు. అమ్మ ఇంట్లో దీపాలు వేళకు ముందే పెట్టేసింది. మేం గదికి వెళ్ళేసరికి దాదా నాన్న చేసిన దీపంలో ఆరు వత్తులు వెలిగిస్తున్నాడు. తరువాత బా తన రెండు దీపాలు వెలిగించి కళ్ళు మూసుకుంది.

ఆ రోజు దలాల్ తల్లి పోయి ఏడాది. ఆయన తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. కద్దీష్ చెప్పాలి. చెప్పాలంటే పదిమంది కావాలి. తొమ్మిదిమంది వచ్చారు. పదో మనిషి భరూచ్ నుంచి పొద్దుగూకక ముందే రైలు దిగి రావాలి. రాలేదు. కాసేపు ఆగారు. దలాల్ రెండుసార్లు కిటికీ దగ్గరికి వెళ్ళొచ్చాడు. చివరికి దాదా లేచాడు.

నేను తెర సందు దగ్గర ఉన్నాను. నాకు దాదా వీపు కనిపిస్తోంది. చివరి కుర్చీలో నాన్న కనిపిస్తున్నాడు. దాదా మొదటి మాట అన్నాడు, రెండో మాట, మూడో మాట. పక్కన మనవరాలు పెదాలు కదుపుతోంది. తొమ్మిదో మాట నాన్నకు ముందు కూర్చున్నాయన మీద పడింది. దాదా ఆగాడు. గుమ్మం వైపు తిరిగాడు. మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. నాన్న పుస్తకంలోకి చూస్తున్నాడు.

"హాఓలాం," అన్నాను నేను.

పదో మాట అది. ఎల్లకాలం అని దాని అర్థం, అప్పుడు నాకు తెలియదు. గట్టిగానే అన్నాను. గదిలో అందరూ తెర వైపు తిరిగారు. ముందు ఎవరో నవ్వారు. అది మంచి నవ్వే అనుకుంటాను, పిల్ల మాటకు పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. దలాల్ నవ్వలేదు. ఆయన నాన్న వైపు చూసి, "సిఖా కే లాయే హో క్యా?" అన్నాడు. నేర్పించి తీసుకొచ్చావా అని.

నాన్న పుస్తకం మూసి కుర్చీలో పెట్టాడు. లేచాడు. "మాఫ్ కర్నా, దాదా," అన్నాడు. తెర దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ వెనకే వచ్చింది. మెట్లు దిగుతూ కద్దీష్ వినపడుతుందేమోనని చెవి పెట్టాను. వినపడలేదు. ఎలా వినపడుతుంది.

దారిలో అమ్మ నన్ను తిట్టడం మొదలుపెడితే, నాన్న "దాన్ని ఏమనకు," అన్నాడు. ఇంటి ముందు చిన్నమ్మ కూర్చుని ఉంది.

"ఏందే, గింత జల్ది వొచ్చిన్రు?"

అమ్మ చెప్పింది. చిన్నమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

"గీ పిల్ల జేసిన తప్పేంది? కండ్ల ముంగట మనిషి కూసున్నడని జెప్పింది. గా ముసలాయినకు కండ్లద్దాలు లేవా?"

"నీకు తెలవదులే చెల్లే."

"నాకేం తెల్వది? మనిషిని మనిషి అననీకి కూడ కాయితం గావాల్నా?"

నాన్న లోపలికి వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళు అడగని మనిషి, నా ఒక్క మాటతో అడిగినవాడయ్యాడు. అది నాకు అప్పుడు తెలియలేదు. తెలిసేసరికి చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఆదివారం మధ్యాహ్నం దాదా మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. దాదా మంచం మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగాడు. తిండి నియమాలున్న మనిషి ఇంకొకరి ఇంట్లో గ్లాసు ముట్టుకున్నాడంటే ఆ ఇల్లు తనదనుకున్నట్టే. అమ్మకు ఆ సంగతి తెలుసు.

"బొంబాయి జవాబు గురువారం వచ్చింది," అన్నాడు దాదా. "వాళ్ళు అవుననలేదు, కాదనలేదు. అతనితో కూర్చునేది మీరు, మీకే తెలియాలి అని రాశారు. నాకు తెలుసు. శుక్రవారం నేను ఆగింది మెట్ల వైపు చూడటానికి కాదమ్మా. అతని వైపు చూడటానికి. ముసలివాణ్ణి, ఆ మాట చెప్పే ముందు అందరూ చూడాలని ఒక క్షణం ఆగాను."

అమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"ఇవాళ ఎనిమిదో దీపం," అన్నాడు దాదా. "అతని చేత్తో చేసింది, అతనే వెలిగించాలి. నేను వేచి ఉంటానని చెప్పు."

నాన్న చీకటి పడేవేళ వచ్చాడు. అమ్మ అంతా చెప్పి, ఉతికిన చొక్కా తీసిపెట్టింది. నాన్న స్నానం చేశాడు, చొక్కా వేసుకున్నాడు, టోపీ జేబులో పెట్టుకున్నాడు. మంచం మీద కూర్చున్నాడు.

"పదండి మరి," అంది అమ్మ.

"ఆయన మంచివాడు," అన్నాడు నాన్న. "అందుకని అలా చెప్పాడు."

"నిజం చెప్పాడేమో."

"నిజమైతే పిల్ల అనకముందే అనేవాడు. ఇప్పుడు వెళితే, పిల్లతో చెప్పించుకుని వచ్చాడంటారు. అననీ. కానీ నాకే అలా అనిపిస్తుంది గదా, ఆ మాట పడిన ప్రతిసారీ."

చొక్కా వేసుకునే అలాగే కూర్చున్నాడు. తరువాత మనవరాలు చెప్పింది, దాదా ఏడు దీపాలు వెలిగించి, ఎనిమిదోదానికి వత్తి వేసి, చాలాసేపు మెట్ల దగ్గర నిలబడ్డాడట. చివరికి తనే వెలిగించాడట.

నాన్న కుర్చీ మెట్ల గుమ్మం పక్కన ఉండేదని చెప్పాను. మెట్ల వైపు చూసినా, నాన్న వైపు చూసినా దిక్కు ఒకటే. నాకు కనిపించింది దాదా వీపు. ఆయన ఏది చూశాడో నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఆ క్షణాన్ని ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా వీపే కనిపిస్తుంది. ఒక్క శ్వాస తీసుకునేంతసేపు నేను నోరు మూసుకుని ఉంటే తెలిసేది.

ఆ తరువాత నాన్న శుక్రవారాలు ఇంట్లోనే ప్రార్థన చేసుకున్నాడు. పుస్తకం ఆ గదిలోనే ఉండిపోయింది. అడగలేదు. గుర్తున్నంతవరకు చెప్పుకునేవాడు. మధ్యలో మరిచిపోయిన చోట ఆగేవాడు, కాసేపు చూసి, దాటేసి ముందుకు వెళ్ళేవాడు. నేనూ అమ్మా మాత్రం పండుగలకు వెళ్ళేవాళ్ళం. ఏడాది తిరక్కుండానే దలాల్ ఒకసారి మెట్ల మీద నన్ను ఆపి, జేబులోంచి వేరుశనగ చిక్కీ తీసి ఇచ్చాడు. నేను తీసుకోలేదు. తీసుకుని ఉండాల్సింది. ఆ శుక్రవారం ఆయన తల్లికి కద్దీష్ లేకుండా పోయింది. అందులో ఆయన మాటకు ఎంత పాలుందో, నా మాటకూ అంతే ఉంది.

ఒక్కో ఇల్లే ఖాళీ అయింది. కొందరు అహ్మదాబాద్, కొందరు బొంబాయి, ఎక్కువమంది ఇజ్రాయెల్. దాదా కొడుకు కోడలు, మనవరాలు కూడా వెళ్ళారు. దాదా, బా కదలలేదు. శుక్రవారాలు ఆరుగురు, తరువాత నలుగురు. పదో మాట దాకా రావలసిన పనే లేకుండా పోయింది.

నేను కాలేజీలో ఉండగా దాదా పోయాడు. ఆ సాయంత్రం దలాల్ మా ఇంటి మెట్ల కింద నిలబడి పిలిచాడు. జుట్టు నెరిసింది. లోపలికి రాలేదు.

"చలో భాయ్," అన్నాడు నాన్నతో. "దాదాకు కద్దీష్ చెప్పాలి. అహ్మదాబాద్ వాళ్ళు వచ్చినా పదిమంది కావడం లేదు."

నాన్న ట్రంకుపెట్టెలోంచి టోపీ తీసుకుని, ఆయన వెంట నడిచాడు. సందు చివరిదాకా ఇద్దరూ పక్కపక్కనే వెళ్ళడం నేను కిటికీలోంచి చూశాను.

తిరిగి వచ్చేసరికి ఆయన చేతిలో నోటు పుస్తకం ఉంది. బా దాన్ని అన్నేళ్ళూ ప్రార్థన పుస్తకాలతో పాటే దాచిందట, అట్ట చిరిగితే ఖాకీ కాగితం కూడా వేసింది.

"చెప్పారా?" అని అడిగింది అమ్మ.

"చెప్పారు."

"నిన్ను లెక్కపెట్టారా?"

"పెట్టారు. దలాల్ పెట్టాడు. అతనికి ఆ పది మాటలూ వరసగా రావు. వేలు చూపిస్తూ ఏక్, దో, తీన్ అన్నాడు. నేను దస్."

టోపీ తీసి, "దాదా ఉంటే కోప్పడేవాడు, అంకెలతో లెక్కపెట్టినందుకు," అన్నాడు. పుస్తకం బీరువాలో పెట్టాడు.

మనవరాలితో ఇప్పటికీ ఫోన్‌లో మాట్లాడతాను. నాన్న చేసిన దీపం వాళ్ళింట్లోనే ఉంది, దాదా పోయాక బా వాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళింది. ఒకసారి అడిగాను, ఆ శుక్రవారం దాదా ఎటు చూశాడో నీకేమైనా కనిపించిందా అని. "నాకు షర్బత్ తాగింది తప్ప ఏమీ గుర్తులేదు," అంది. తరువాత, "నువ్వు ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నావా?" అంది.

ఈ వేసవిలో నాన్న పోయినప్పుడు అహ్మదాబాద్ నుంచి ముగ్గురు వచ్చారు. దలాల్ లేడు, ఆయన నాన్న కంటే ముందే పోయాడు. చిన్నమ్మ కొడుకులు ఇద్దరూ ఊళ్ళోనే నవాగామ్ నుంచి వచ్చి పాడె మోశారు. పదిమంది కాలేదు. కద్దీష్ చెప్పలేదు.

మొన్న రాత్రి నోటు పుస్తకం మొత్తం చదివాను. శుక్రవారం పాటలు, హనుక్కా దీవెనలు, షర్బత్ మీద చెప్పేది, కద్దీష్, అన్నీ నాన్న గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. దాదా దిద్దిన చోట పెన్సిల్ గీతలున్నాయి. ఆ పది మాటలు మాత్రం ఎక్కడా లేవు. అవి విని కూర్చునేవి, చదివేవి కావు కాబట్టి రాసుకోలేదేమో. చివర ఖాళీ పేజీలున్నాయి. నేను కలం తీశాను. రాయలేదు.

ఆ మేడ మీద గది ఇప్పుడు కింద కొట్టువాళ్ళదే. పార్సిళ్ళు మెట్ల దాకా పేర్చి ఉంటాయి. శుక్రవారం సాయంత్రం అక్కడ మనుషుల్ని ఎవరూ లెక్కపెట్టరు.